సౌండు కార్డు లబ్ధిదారు

మా ఆఫీసు కంప్యూటరుకి నోరు పడిపోయిందన్న సంగతి మొదట కనిపెట్టింది యాళ్ల బంగారమ్మ. మేమెవ్వరం కనిపెట్టలేదు. ఎలా కనిపెడతాం? మాది జిల్లా జానపద గళ పరిరక్షణ కార్యాలయం. గోడల నిండా "నిశ్శబ్దము పాటించుడు" అని బోర్డులు. అలాంటి చోట ఓ యంత్రం నోరు మూసుకుని మూల కూర్చుంటే దాన్ని మంచి ఉద్యోగి అంటారు గానీ, జబ్బు చేసింది అంటారా?

నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. పేరు హైమావతి. కోటిపాలెం మార్కెట్ యార్డు వెనకాల, కొబ్బరికాయల గోదాము మీద మా ఆఫీసు. కింద కాయలు ఒలుస్తుంటారు, పైన మేం గళాలు పరిరక్షిస్తుంటాం. ఎవరి పని వాళ్ళది.

ఆ ఏడాది పైవాళ్ళకి రెండు ఉత్సాహాలు ఒకేసారి పుట్టాయి. ఆఫీసుల్లో కంప్యూటర్లన్నింటికీ లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ పెట్టాలన్నది ఒకటి. కంప్యూటర్లన్నీ తెలుగులోనే మాట్లాడాలన్నది రెండోది. రెండూ మంచివే, కాదనను. కానీ పైన ఎవరో మహానుభావుడు ఈ రెండింటినీ కలిపి ఓ ఉత్తర్వు రాశాడు. "యంత్రము నుండి తెలుగు భాషలో వెలువడు ప్రతి మాటయును ప్రజా విజ్ఞప్తితో సమానముగా భావించి, సంబంధిత కార్యాలయము తక్షణమే పరిష్కరింపవలెను. పౌరుడు తెలుగులో అడిగినచో పనిచేయు కార్యాలయము, యంత్రము తెలుగులో అడిగినచో చేయదా?"

పౌరుడు తెలుగులో అడిగితే మేం ఎప్పుడు పని చేశామో నాకైతే గుర్తు లేదు. అయినా ఉత్తర్వు ఉత్తర్వే. ఇదివరకు ఆ పెట్టె ఇంగ్లీషులో ఏదో గొణిగితే చటుక్కున నొక్కేసి మా పని మేం చూసుకునేవాళ్ళం. ఇప్పుడది గొణిగితే లేచి నిలబడాల్సి వచ్చింది.

బంగారమ్మ ఆఫీసుకి వచ్చింది కళాకారుల కార్డు కోసం. నాట్ల పాటలు పాడుతుంది. పొలం ఈ గట్టున పాట ఎత్తుకుంటే ఆ గట్టున వాళ్ళు వంగిన నడుం ఎత్తి చూస్తారు, అలాంటి గొంతు. వచ్చీ రాగానే నా బల్ల ముందు కూలబడి తన గోడు చెప్పుకుంది.

"పోయినేడు డెల్టా ఉత్సవాల్లో నన్ను స్టేజీ ఎక్కించి మరీ దింపేసేరండమ్మా. కార్డేదీ అన్నారు. రేషను కార్డు తీసి చూపిచ్చేను. అది కాదే, కళాకారుల కార్డన్నారు. నేను మెట్లు దిగుతుంటే మా ఊరి ఆడోళ్ళందరూ కిందే కూచుని చూత్తన్నారండి. మా తోటికోడలు కిసుక్కుమంది. ఇప్పుటికీ కుళాయి కాడ నన్ను చూసి 'ఏటే, దిగిపోయిన బంగారమ్మా' అంటది. ఆ మాట ఇంటంటే అన్నం సయించట్లేదండి నాకు. ఈయేడు కార్డు మెళ్ళో ఏసుకుని ఆ మెట్లే ఎక్కాలి. అంతే, ఇంకేటీ అక్కర్లేదు."

నాకు జాలేసింది. ఆ ఏడు జిల్లా మొత్తానికి ఒక్కటే కార్డు వచ్చింది. అర్హత ఉన్న మనిషి కూడా ఆవిడొక్కతే. ఇక మిగిలింది గళ నమోదు. కళాకారుడు కంప్యూటరు ముందు పాడాలి, కంప్యూటరు తిరిగి ఆ పాట వినిపించాలి, మా డిప్యూటీ డైరెక్టరు గారు విని తల ఊపాలి. ఆయన తల ఊపితే కార్డు.

బంగారమ్మ కొంగు నడుముకి బిగించి ఎత్తుకుంది.

"నారు నాటే సేతికేలే నాలుగేసి గాజులూ...
నీరు దాటే గొంతు సాలదా, ఓరి నా రాజులూ..."

కింద కాయలు ఒలిచేవాళ్ళు పని ఆపేశారు. పాట అయ్యాక నేను మీట నొక్కాను. కంప్యూటరు కిక్కురుమనలేదు. ఇంకోసారి నొక్కాను. ఊహూఁ.

"ఏదండీ నా పాట?" అంది బంగారమ్మ, పెట్టె వెనక్కి తొంగిచూస్తూ. "ఇంత గట్టిగా పాడితే మింగేసి కూచుందేటండీ ఇది?"

పోనీ నా ఫోనులో రికార్డు చేస్తానన్నాను. పక్క బల్ల నుంచి మా సూపరింటెండెంటు వీరభద్రం గారు కళ్ళజోడు పైకి తోశారు. ఆయనకి రూలు చదవడం బాగా వచ్చు. అర్థం చేసుకోవడం పై అధికారుల పని అని ఆయన నమ్మకం.

"ఫోనులో వచ్చేది ప్రైవేటు గళం హైమావతిగారూ. మనకి కావలసింది ప్రభుత్వ గళం" అన్నారు.

దాంతో జిల్లా కేంద్రం నుంచి ఫణికిశోర్ అనే కంప్యూటరు ఇంజనీరుని పిలిపించాం. చురుకైన వాడు. వచ్చి కూర్చుని టకటకా కొట్టాడు. నల్లటి తెర మీద పక్కపక్కనే నిలువు గొట్టాలు వచ్చాయి. గొట్టం అడుగున ఇంగ్లీషులో రెండక్షరాలు. ఎమ్, ఎమ్.

"ఇంతే మేడమ్. మ్యూట్‌లో ఉంది. అంటే నోరు నొక్కేసి ఉందన్నమాట. ఈ రెండు ఎమ్‌లు కనిపిస్తున్నాయా? కీబోర్డు మీద ఒక్కసారి ఎమ్ నొక్కితే ఇవి పోతాయి. ఇవి పోతే నోరొస్తుంది."

"ఆ రెండచ్చరాలు చెరిపేత్తే చాలాండి?" అంది బంగారమ్మ, ఆశగా.

"చాలమ్మా" అని ఫణికిశోర్ వేలు ఎత్తాడు.

"ఆగు!" అని అరిచారు వీరభద్రం గారు. అంత పెద్ద గొంతు ఆయనకి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. లేచి వచ్చి ముక్కు తెరకి ఆనించి చూశారు. "అడుగున ఎవరి ఇనీషియలు అది?"

ఇక్కడ మా డిప్యూటీ డైరెక్టరు గారి పేరు చెప్పాలి. మంత్రిప్రగడ మార్కండేయులు గారు. ఫైలు అడుగున ఆయన పెట్టే పొట్టి సంతకం ఎమ్, ఎమ్. తెలుగు ఉద్యమం నడిపిస్తూ సంతకం ఇంగ్లీషులో ఏమిటి సార్ అని నేనోసారి అడిగితే, "సంతకమునకు భాష ఉండదమ్మా, హోదా ఉండును" అన్నారు.

"పెద్దసారు చూసి కింద ఇనీషియలు వేసేశారు" అన్నారు వీరభద్రం గారు. "దాన్ని నువ్వు చెరిపేస్తావా? ఫోర్జరీ! నీతోపాటు నన్నూ లోపలేస్తారు. నాకు బీపీ ఉందయ్యా."

మార్కండేయులు గారిని గదిలోంచి పిలుచుకొచ్చారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగి, తెరని చాలాసేపు పరిశీలించారు.

"నాదే" అన్నారు చివరికి. "రెండక్షరములు ఇట్లు ఎడము లేకుండా పెట్టు పద్ధతి నాదే."

"ఎప్పుడు పెట్టారు సార్?" అన్నాను.

"నేను పెట్టనిచో నా ఇనీషియలు అచ్చటికి ఎట్లు వచ్చును?"

ఫణికిశోర్ చేతులు జోడించాడు. "పోనీ మీరే నొక్కండి సార్. ఒక్క ఎమ్."

"ఒకసారి ఆమోదించిన నిశ్శబ్దమును నేనే రద్దు చేసినచో, నా నిర్ణయములకు నిలకడ లేదని ఆడిట్ వారు వ్రాయుదురు. నిశ్శబ్దము విధాన నిర్ణయము. దానిని అటులనే ఉంచి, సాంకేతిక లోపము మాత్రము నివారింపుము."

"సార్, నిశ్శబ్దమే లోపం!"

"అది నీ వ్యక్తిగత అభిప్రాయము" అని ఆయన గదిలోకి వెళ్ళిపోయారు.

ఫణికిశోర్ జుట్టు పీక్కున్నాడు. ఇంకేదైనా దారి దొరుకుతుందేమోనని ఆఫీసు ఖాతాలోకి వెళ్ళి ఏవేవో కొట్టాడు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి తెలుగులో వాక్యాలు మొదలయ్యాయి. "ఇవేం పట్టించుకోకండి మేడమ్, అసలు సంగతి ఆ ఎమ్మే" అని నాతో చెవిలో చెప్పి, సంచీ తగిలించుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. మళ్ళీ మా ఫోను ఎత్తలేదు.

పట్టించుకోవద్దంటే వీరభద్రం గారు ఊరుకుంటారా? ఉత్తర్వు ఉందాయె. మొదటి వాక్యం ఇది. "శబ్దమునకు డ్రైవరు లేడు."

నేను మొత్తుకున్నాను. డ్రైవరంటే కంప్యూటరు లోపల ఉండే ఓ సరంజామా అయి ఉంటుంది, మనిషి కాదు అని. ఆయన వేలితో తెర మీద పొడిచి చూపించారు.

"'లేదు' అని లేదమ్మా. 'లేడు' అని ఉంది. వ్యాకరణం చూడండి. మనిషే."

మా ఆఫీసులో డ్రైవరు ఒక్కడే, జీపు నడిపే నూకరాజు. అతన్ని ఆ పూటే కంప్యూటరుకి బదిలీ చేశారు. నూకరాజు జీపులోంచి తన మెత్త తెచ్చుకుని కుర్చీలో వేసుకుని, కంప్యూటరు ముందు సర్దుకున్నాడు. అద్దం వంచుకున్నట్టుగా తెర వంచుకున్నాడు.

"స్టీరింగేదండీ?" అన్నాడు.

మౌసు చేతికిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేటండీ, బాగా లూజుగా ఉందీ" అన్నాడు. ఖాళీగా కూర్చుంటే బాగోదని మధ్యమధ్య నోటితో "పాఁయ్ పాఁయ్" అని హారను కొట్టేవాడు. మా కంప్యూటరు వైపు నుంచి శబ్దం రావడం అదే మొదలు. మార్కండేయులు గారు గదిలోంచి విని, "పురోగతి కనిపించుచున్నది" అన్నారు. జీపుకి మనిషి లేక ఆయన రోజూ షేర్ ఆటోలో, కోళ్ళ గంపల మధ్య ఇరుక్కుని వచ్చేవారు. విధాన నిర్ణయం కదా, ఏమీ అనలేకపోయారు.

రెండో వాక్యం. "మీరు ఆడియో గ్రూపులో సభ్యులు కారు."

గ్రూపు అనగానే ఆఫీసులో గొడవ మొదలైంది. నూకరాజు గ్రూపు ఫోరు పరీక్ష అన్నాడు. కంప్యూటరుకి వయసు చాలదు కాబట్టి అది కాదని వీరభద్రం గారు తేల్చారు. సరిగ్గా ఆ సమయానికి బంగారమ్మ తన గళ నమోదు ఎంతవరకూ వచ్చిందో కనుక్కుందామని వచ్చింది.

"గ్రూపంటే మా డ్వాక్రా గ్రూపేనేటండీ?" అంది.

వీరభద్రం గారి ముఖం వెలిగిపోయింది. "అదే! ఆడవాళ్ళ గ్రూపు! ఆడియో అంటే ఏమిటనుకున్నారు హైమావతిగారూ? ఆడి! యో! పదంలోనే ఉంది కదండీ ఆడ!"

నా తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకున్నాను కూడా, కొంచెం. "అయ్యా, అది ఇంగ్లీషు మాట" అన్నాను. "ఉత్తర్వు ప్రకారం తెలుగు యంత్రం తెలుగే మాట్లాడుతుంది" అన్నారాయన. ఆ మాటకి తిరుగేముంది?

బంగారమ్మకి మాత్రం ఆ పెట్టెకి నోరొస్తే చాలు. "దానికేటండీ, సేర్చేసుకుంటాం. ఓ మడిసి తగ్గే ఉన్నాం లెండి" అంది. మర్నాడు శ్రీ వరలక్ష్మి గ్రూపు ఆడవాళ్ళందరూ పేరంటానికి వచ్చినట్టు వచ్చారు. కంప్యూటరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తెర నెత్తిన మూరెడు కనకాంబరాలు తురిమారు. చుట్టూ నిలబడి ఫొటో దిగారు. "ఇక నుంచి మన మడిసే" అంటూ బంగారమ్మ దాన్ని అరచేత్తో తట్టింది. అందరూ వెళ్ళాక వీరభద్రం గారు మీట నొక్కారు. కనకాంబరాల కింద కొత్త వాక్యం వచ్చింది.

"పల్స్ ఆగిపోయినది."

ఆయన గుండె పట్టుకున్నారు. "అయ్యో, నిన్నటిదాకా బాగానే ఉందే!" అన్నారు. పల్స్ అన్నది కూడా కంప్యూటరు లోపలి సరంజామా పేరే అయి ఉంటుందని నేనంటూనే ఉన్నాను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురెళ్ళిపోయింది. డాక్టరమ్మ పరుగు పరుగున వచ్చి, "పేషెంటు ఎక్కడ?" అంది. అందరం ఒకే వైపు చూపించాం. బొట్టు, పూలు, పసుపు చూసి ఆవిడ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ఇది కంప్యూటరు కదండీ?"

"ఆ సంగతి మాకు తెలుసు డాక్టరుగారూ" అన్నారు వీరభద్రం గారు. "పల్స్ ఉందో లేదో మీరు తేల్చండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. కేంద్రంలో జనం క్యూలో ఉన్నారట, త్వరగా వదిలించుకోవాలనుకుందో ఏమో, స్టెతస్కోపు తీసి పెట్టె మీద పెట్టింది.

"పల్స్ లేదు. లోపల ఫ్యాను తిరుగుతోంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. విశ్రాంతి ఇవ్వండి, కొబ్బరినీళ్ళు పట్టండి. మీకు కాదు, దానికి... అసలు మీక్కూడా కొంచెం విశ్రాంతి అవసరమే" అని వెళ్ళిపోయింది.

కంప్యూటరుకి సిక్ లీవు ఇచ్చారు. మంచం లేక బల్ల మీదే దుప్పటి కప్పారు. కొబ్బరినీళ్ళు పైకి తెప్పించారు గానీ నేను అడ్డుపడ్డాను. అవి నూకరాజు తాగాడు. డ్రైవరు తాగితే బండి తాగినట్టేనని అతని వాదన.

లీవు అయిపోయి కంప్యూటరు డ్యూటీలో చేరిన రోజు నాలుగో వాక్యం వచ్చింది. "సౌండు కార్డులేవీ కనబడలేదు."

ఆఫీసంతా పండగ అయిపోయింది. గ్రూపూ పల్సూ మా శాఖవి కావు, ఎవరినో బతిమాలాల్సి వచ్చింది. కార్డులు ఇవ్వడం మాత్రం మా సొంత పని! మార్కండేయులు గారు స్వయంగా గదిలోంచి బయటికి వచ్చి ఉపన్యసించారు.

"కార్డు లేని వారికి కార్డు ఇచ్చుటకే ఈ కార్యాలయము ఆవిర్భవించినది. శబ్దమునకు సంబంధించిన కార్డు మన జిల్లాలో మన వద్ద తప్ప ఎచ్చటనూ లేదు. తక్షణమే మంజూరు చేయుడు!"

"సార్" అన్నాను, "సౌండు కార్డంటే పెట్టె లోపల శబ్దం పుట్టించే ముక్క అయి ఉంటుంది. మన దగ్గరున్నది కళాకారుల కార్డు. ఒక్కటే ఉంది. అది బంగారమ్మది."

"ఆమె గళ నమోదు జరిగినదా?"

"కంప్యూటరుకి నోరు లేదు కదండీ, ఎలా జరుగుతుంది?"

"చూచితివా! ఆమె నమోదు జరుగుటకే దీనికి కార్డు ఇచ్చుచున్నాము. ఇది ఆమె మేలు కొరకే."

"ఇది తీసేసుకుంటే ఆవిడకి ఇవ్వడానికి కార్డు ఏది సార్?"

"వచ్చే సంవత్సరము" అన్నారాయన ప్రేమగా.

కంప్యూటరుకి ఫొటో తీశారు. పూలతో ఉన్నదే బాగుందన్నారు. కార్డు మీద "పేరు: కంప్యూటరు. కళ: మౌన జానపదము. గళము: నిశ్శబ్దము, ప్రభుత్వ ఆమోదితము" అని రాశారు. అడుగున మార్కండేయులు గారు నీలం స్కెచ్ పెన్నుతో ఎమ్, ఎమ్ అని పెట్టారు. ఎర్ర రిబ్బను కట్టి తెర మెడలో వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

తెర మీద వాక్యం, పైవాళ్ళ ఉత్తర్వు, అన్నీ విప్పి బంగారమ్మకి ఆ సంగతి చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆవిడ నమ్మలేదు. పైకి వచ్చి, రిబ్బను పట్టుకుని చూసింది. తిప్పి చూసింది.

"దీనికి బొట్టెట్టింది నేను" అంది మెల్లగా. "గ్రూపులో సేర్చుకుంది నేను. నా కార్డు ఇది పట్టుకుపోయిందా?" కంప్యూటరు వైపు తిరిగి, "సిగ్గులేదటే నీకు? పాటొచ్చా నీకు? మాటొచ్చా?" అని కడిగేసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "మా తోటికోడలికి ఏం సెప్పనమ్మా? మడిసి కూడా కాదు, పెట్టె పట్టుకుపోయిందని సెప్పనా?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ ఎమ్ ఒక్కటీ నొక్కేద్దామనుకుని లేచాను కూడా. కీబోర్డు మీద ఆ ఒక్క మీట మీద వీరభద్రం గారు లక్క సీలు వేసి ఉంచారు. ఇనీషియలు రక్షణ కోసమట.

ఇంతలో డెల్టా ఉత్సవాలు వచ్చాయి. కార్డున్న కళాకారులందరూ స్టేజీ మీద ప్రదర్శన ఇచ్చి తీరాలన్నది రూలు. మా జిల్లాలో ఆ ఏడు కార్డున్న కళాకారిణి ఒక్కతే కాబట్టి పోస్టర్లు అచ్చయిపోయాయి. "కుమారి కంప్యూటరు, కోటిపాలెం. ముఖ్య అతిథి: జిల్లా కలెక్టరు గారు." అప్పటికి గానీ మార్కండేయులు గారికి చెమటలు పట్టలేదు. కలెక్టరు ముందు ఈ పెట్టె ఏం పాడుతుంది?

"దానినే అడుగుడు!" అన్నారు. వీరభద్రం గారు కంప్యూటరుని ఆపి మళ్ళీ వెలిగించారు. తెర మీద వచ్చింది. "బయటి స్పీకరును తగిలించుము."

"స్పీకరంటే మాట్లాడే మనిషి" అన్నారు వీరభద్రం గారు. "బయటి మనిషి అయి ఉండాలి. ఆఫీసు సిబ్బంది పనికిరారు."

"బంగారమ్మ ఉంది" అన్నాను వెంటనే. నా బుర్ర కూడా అప్పుడప్పుడూ పనిచేస్తుంది.

బంగారమ్మ రాదేమో, మొహం మీదే తలుపేస్తుందేమో అనుకున్నాను. వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని అంతా విని, వీరభద్రం గారిని అడిగింది.

"స్పీకరంటే ఆ మిసన్లో భాగవేనాండీ?"

"నిస్సందేహంగా. స్టాకులో ఎక్కించి నంబరు కూడా అతికిస్తాం."

"అయితే నా నోట్లోంచి వచ్చిన మాట ఎవరి మాటండి? నాదా, మిసనుదా?"

"యంత్రానిదే. అందులో సందేహం ఏముంది?"

"ఆయ్. అయితే సరేనండి" అంది. వీరభద్రం గారు "స్పీకరు, బయటిది, ఒకటి" అని చీటీ రాసి ఆవిడ జాకెట్టు చేతికి అతికించారు. ఆవిడ నా వైపు చూసి కన్ను కొట్టింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఉత్సవం రోజు మైదానం కిటకిటలాడింది. ముందు వరసలో కలెక్టరు, పక్కన మార్కండేయులు గారు, వెనక ఊళ్ళ జనం. నూకరాజు డ్రైవరు హోదాలో కంప్యూటరుని ఎత్తుకుని స్టేజీ ఎక్కించాడు, మలుపు దగ్గర "పాఁయ్" మన్నాడు. కనకాంబరాలూ, ఎర్ర రిబ్బనూ, కార్డూ. దాని వెనకాలే తీగ పట్టుకుని బంగారమ్మ ఎక్కింది. అవే మెట్లు. కింద రెండో వరసలో కూర్చున్న ఓ నల్లపూసల ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పింది. తోటికోడలు ఆవిడేనని ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసింది. నేనూ వీరభద్రం గారూ స్టేజీ పక్కన నిలబడ్డాం.

బంగారమ్మ మైకు అందుకుంది. "నారు నాటే సేతికేలే..." అని ఎత్తుకుంది. మైదానం ఒక్కసారి గప్‌చుప్ అయిపోయింది. ఐస్ బండి వాడు గంట కొట్టడం మానేశాడు. కలెక్టరు ఫోను జేబులో పెట్టేసి ముందుకి వంగారు. "నీరు దాటే గొంతు..." అని పాట పైకి, ఇంకా పైకి వెళ్ళి, సరిగ్గా తెగే చోటికి వచ్చేసరికి ఆవిడ టక్కున ఆపేసింది.

జనం గోలెత్తారు. "పాడమ్మా! పాడు!"

బంగారమ్మ మొహంలో ఏ భావమూ లేకుండా, కళ్ళు ఆర్పకుండా, అచ్చు పుస్తకం చదివినట్టు మైకులో అంది. "కార్డులేవీ కనబడలేదు."

"ఏమైంది?" అన్నారు కలెక్టరు, మార్కండేయులు గారి వైపు తిరిగి. ఆయన స్టేజీ మీదికి పరుగెత్తారు. "పాడుము తల్లీ! కలెక్టరు గారు చూచుచున్నారు!"

"కార్డులేవీ కనబడలేదు" అంది బంగారమ్మ మళ్ళీ, అదే గొంతుతో. "సరిచూసి మరల ప్రయత్నించుము."

జనం విరగబడి నవ్వుతున్నారు. వీరభద్రం గారు మాత్రం నవ్వలేదు. ఆయన ఒళ్ళంతా అటెన్షన్‌లోకి వచ్చింది. చకచకా స్టేజీ ఎక్కి, పెద్దసారు చెవి దగ్గర వంగారు. వెనకాలే వెళ్ళిన నాకు అంతా వినబడింది.

"సార్, స్పీకరు యంత్రంలో భాగం. యంత్రం నుంచి తెలుగులో వెలువడిన మాట. తక్షణమే పరిష్కరించాలి. కలెక్టరు గారి సమక్షంలో వెలువడింది కూడాను!"

"కార్డు ఒకటే కదయ్యా! ఇచ్చివేసితిమి కదా!"

"యంత్రం ఒకటే, కార్డూ ఒకటే సార్. మనం తెరకి తగిలించాం. శబ్దం వచ్చేది స్పీకరులోంచి. తప్పు చోట తగిలించామన్నమాట. ఇది కొత్త మంజూరు కాదు సార్, స్థాన సవరణ."

"స్థాన సవరణ" అన్నారు మార్కండేయులు గారు. ఆ మాట ఆయనకి నచ్చింది. కంప్యూటరు మెడలోంచి ఎర్ర రిబ్బను తీసి, బంగారమ్మ మెడలో వేశారు. అదేదో సన్మానమనుకుని కలెక్టరు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారని మైదానమంతా కొట్టింది. తోటికోడలు కూడా కొట్టింది. కొట్టక చస్తుందా, చుట్టూ అందరూ చూస్తున్నారు.

బంగారమ్మ కార్డు అరచేతిలోకి తీసుకుని చూసుకుంది. ఫొటోలో పూలు పెట్టుకున్న కంప్యూటరు. ఆవిడకి అదేం పట్టలేదు. కళ్ళు తుడుచుకుని అడుగుకంటా చూసి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"అమ్మా, ఆ ఇంజనీరు సెప్పిన రెండచ్చరాలూ ఇయ్యేనాండీ? నోరు నొక్కేసేయి?"

నీలం స్కెచ్ పెన్ను. ఎమ్, ఎమ్.

"అవేనమ్మా" అన్నాను.

ఆవిడ బొటనవేలు నాలిక్కి రాసుకుని, కలెక్టరూ పెద్దసారూ జనమూ చూస్తుండగానే, ఆ రెండక్షరాలనీ రుద్ది రుద్ది చెరిపేసింది. నీలం అంటుకున్న వేలు కొంగుకి తుడుచుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఆపిన చోటి నుంచే పాట ఎత్తుకుంది. నా పక్కనే నిలబడి వీరభద్రం గారు "ఫోర్జరీ" అని అరుస్తున్నట్టున్నారు. ఆయన నోరు కదలడం కనబడింది గానీ, నాకు మాట మాత్రం వినబడలేదు.